జాంబవంతుని సంతతికి వచ్చిన యాపద

(రాయగడలో జరిగిన మన సంఘ సభయందు ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము ఏదైన నొక విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను జయపురాధీశులైన విక్రమదేవవర్మ మహారాజావారి సాహిత్యపోషణమును గూర్చియో, మన పిల్లల తెలుగు చదువులను గూర్చియో ముచ్చటింతునని మీలో పలువురు తలచియుందురు. ఆ రెండును ఈ వేదికపై పలుమారులు విన్నవే. నేడు నేనెన్నుకొన్న విషయము ఎలుగుబంటి. ఆహ్వానపత్రికలో ఆ మాట చూచి కొందరు మిత్రులు నవ్విరని వింటిని. నవ్వవచ్చును. కాని ఈ సభలోనున్న కుటుంబములలో ఎలుగుబంటితో ఏదో యొక విధమైన లావాదేవి లేని కుటుంబము మిక్కిలి యరుదని నేను చెప్పబోవుచున్నాను. మా కుటుంబమును అందులో మొదటిదిగా లెక్కించుకొనియే చెప్పుచున్నాను.

వినాయకచవితినాడు అక్షతలు చేతబట్టుకొని శమంతకోపాఖ్యానము వినని తెలుగిల్లు కొరాపుట్, రాయగడ జిల్లాలలో నొక్కటియు నుండదు. మణిని ధరించి వేటకేగిన ప్రసేనుని సింహము చంపెను. ఆ సింహమును జాంబవంతుడు చంపి, మణిని తన గుహలో బిడ్డకు ఆటవస్తువుగా నిచ్చెను. శ్రీకృష్ణుడా గుహ సొచ్చి యిరువదియెనిమిది దినములు పోరాడి, కడపట మణితోపాటు జాంబవతిని గూడ గైకొనెను. అనగా ఎలుగుబంటి సాక్షాత్తు శ్రీకృష్ణునకు పిల్లనిచ్చిన మామగారు! రామాయణమున సముద్రతీరమందు దిగులుపడి కూర్చున్న వానరసేనలో హనుమంతునకు తన బలమును జ్ఞప్తికి తెచ్చినవాడును ఈ జాంబవంతుడే. శ్రీకృష్ణదేవరాయలవారు సంస్కృతమున రచించిన నాటకము పేరు జాంబవతీకల్యాణము. ఆ రాయల రాజధానియైన హంపీ శిథిలములకు చేరువనే, దరోజీ యనుచోట, 1994 లో ఎలుగుబంట్లకొరకే ఒక అభయారణ్యము నేర్పరచిరి. ఇది కేవలము కాకతాళీయమే. అయినను నా మనస్సునకు ముచ్చటగా తోచినది.

కథలో నింత మన్నన చేసిన జంతువును వీథిలో మనమెట్లు చూచుకొంటిమి?

మా తాతగారు, 1931 లో రాయపూరు – విజయనగరము రైలుమార్గము పూర్తియైన పిమ్మట, కలపవ్యాపారము నిమిత్తము బొబ్బిలినుండి ఈ యూరు చేరిరి. నా చిన్నతనమున ఏటేట పంటకోతలు ముగిసిన తరువాత ఎలుగు నాడించువాడొకడు మా వీథికి వచ్చెడివాడు. ఎలుగు ముట్టెకు గుచ్చిన త్రాడొకటి వాని చేతిలో నుండెడిది. రెండవ చేత డమరుకము. దడుపు జ్వరము వచ్చిన పిల్లలను తల్లులు పరుగున తెచ్చి, నాలుగణాలిచ్చి, ఆ జంతువు వీపుపై కూర్చుండబెట్టుచుండిరి. మరి రెండణాలిచ్చినచో వాడు దాని మెడనుండి నాలుగు వెండ్రుకలు పెరికి ఇచ్చును. వానిని రాగిరేకులోనో, వెండిగొట్టములోనో పెట్టించి పిల్లల మెడలో కట్టుట మనవారి యాచారము. నాకును కట్టిరి. ఆ తాయెత్తు నేటికిని మా యింటనే యున్నది. దాని సంగతి తరువాత మనవి చేసెదను.

ఆ ముట్టెకు త్రాడెట్లు వచ్చెనని నాడు మేమెవ్వరము నడుగలేదు. పెద్దవాడనైన పిదప తెలిసికొంటిని. గుహలో పిల్లలతోనున్న తల్లిని చంపిననే గాని పిల్ల చేతికి రాదు. అట్లు తెచ్చిన పిల్లకు ఏడాది నిండకమునుపే, మత్తుమందేమియు నీయక, ఎఱ్ఱగా కాల్చిన యినుపసూదితో ముట్టెను తూట్లుపొడిచి త్రాడు దూర్తురు. కోరపండ్లను విఱుగగొట్టుదురు. అది నాట్యము చేయుచున్నదని మనము చప్పట్లు చరచుచుండగా, అది నిజమునకు నొప్పికి కాళ్లు మార్చుచుండినదన్నమాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ వృత్తిని నిషేధించెను. కాని చట్టము వచ్చినంతమాత్రమున ఆకలి తీరునా? ఈ జంతువుతోనే తరతరములుగా జీవించిన కలందరు కుటుంబములకు వేఱు జీవనోపాధి చూపి, జంతువులను ఆగ్రా మొదలగు చోట్లనున్న శరణాలయములకు చేర్చుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టినది. కడపటి ఆట యెలుగును 2009 డిసెంబరులో బెంగుళూరు చెంతనున్న బన్నేరుఘట్టమునకు చేర్చిరి. ఈ యొక్క విషయమున దేశము గెలిచినదనియే చెప్పవలెను.

ఇక మన కొండలలోని జంతువును గూర్చి కొంత. 1791 లో జార్జి షా యను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీని పొడవైన గోళ్లను, దంతముల తీరును పరీక్షించి, ఇది యెలుగు కానేకాదనియు, దక్షిణ అమెరికాలో చెట్లనుండి తలక్రిందులుగా వ్రేలాడు స్లాత్ అను సోమరి జంతువునకు బంధువనియు వ్రాసెను. పొరబాటు తరువాత దిద్దబడినది గాని, ఇంగ్లీషు పేరున మాత్రము ఆ సోమరితనము నేటికిని అంటియున్నది. తెల్లవాఱుజామున ఇది పుట్టను త్రవ్వుట చూచినవారెవ్వరును దీనిని సోమరి యనజాలరు. పెద్ద మగజంతువు నూటనలుబది కిలోల వరకు తూగును. ఎదమీద అర్ధచంద్రాకారమున తెల్లని మచ్చ యుండును. పైవరుస ముందుపండ్లు రెండు దీనికి పుట్టుకతోనే లేవు. పుట్టను గోళ్లతో చీల్చి, ఊది దుమ్మును చెదరగొట్టి, ముక్కుపుటములు మూసికొని, పెదవులను గొట్టమువలె సాచి, ఆ పంటిసందునుండి చెదలను లోనికి పీల్చుకొనును. ఆ పీల్పు చప్పుడు నూఱు గజముల కావలికి గూడ వినవచ్చును. నిశ్శబ్దమైన అడవిలో మొదటిసారి విన్నవాడు అదేదో కొలిమితిత్తి యనుకొనును.

మంచుదేశముల యెలుగులవలె ఇది శీతకాలమంతయు నిద్రపోదు. ఏ ఋతువున ఏ చెట్టు పండునో దీనికి తెలియును. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపువ్వు, ఎండకాలమున తునికిపండ్లు, ఆపై పనస, నేరేడు, మేడి. ఏమియు లేనినాడు చెదలు, చీమలు. తేనెకై చెట్లెక్కును. రేలకాయల గుజ్జన్న దీనికి ప్రాణము. ఇది తిన్న పండ్ల గింజలు దాని పేడతో దూరదూరముల పడి మొలకెత్తును. మనము వనమహోత్సవమునాడు మొక్క నాటి ఛాయాచిత్రము తీయించుకొందుము గదా! ఇది యేడాది పొడవున ఛాయాచిత్రము లేకయే ఆ పని చేయుచున్నది. శీతకాలమున గుహలో ఒకటి రెండు పిల్లలను కని, అవి నడువగలిగిన పిదప తల్లి వానిని వీపుపై నెక్కించుకొని తిరుగును. పిల్లలు తల్లి బొచ్చును పిడికిళ్లతో పట్టుకొని ఆరేడు నెలలు సవారి చేయును. ప్రపంచమునందలి యెనిమిది యెలుగు జాతులలో పిల్లలను వీపున మోయుట పరిపాటిగా గలది ఇదియొక్కటే.

అట్టి తల్లి ఉచ్చులో చిక్కినప్పుడు పోవునది ఒక్క ప్రాణము కాదు.

వేటను గూర్చి చెప్పుటకు ముందు దూరదేశపు ముచ్చట యొకటి వినుడు. మన కుటుంబముల పిల్లలెందరో నేడు అమెరికాలో, అందును కాలిఫోర్నియాలో, ఉద్యోగములు చేయుచున్నారు. ఆ రాష్ట్రపు పతాకముపై గ్రిజ్లీ యను పెద్ద యెలుగు బొమ్మ యున్నది. ఆ పతాకమును 1911 లో శాసనసభవారు అంగీకరించిరి. 1922 లో ఆ రాష్ట్రమున కడపటి గ్రిజ్లీని కాల్చి చంపిరి. నేడచట పతాకముపై తప్ప కొండలలో గ్రిజ్లీ లేదు. అలాస్కా కాక తక్కిన అమెరికాలో ఒకప్పుడు ఏబదివేల గ్రిజ్లీలుండెనని అంచనా. 1975 లో చట్టరక్షణ కల్పించునాటికి వేయికి లోపుగా మిగిలెను. ఏబదియేండ్లు కాపాడగా ఇప్పటికి రెండువేలు దాటినవి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియావారు 2017 లో వాని వేటనే మాన్పించిరి. పోగొట్టుకొనుటకు పట్టిన కాలమెంత, తిరిగి కూడబెట్టుటకు పట్టుచున్న కాలమెంత, మీరే లెక్కించుకొనుడు. మన యెలుగుజాతియో, భారతదేశము, నేపాళము, సింహళము అన్నియు కలిపి ఇరువదివేలకు లోపే యుండవచ్చునని పండితుల అంచనా. బంగ్లాదేశమున ఇదివరకే నశించినది.

మన ప్రాంతమున దీనిని చంపువారెవరు? అడవిలో ఉచ్చు పన్నువాడు కొండవాడేయని మనము తేలికగా ననుచుందుము. ఈ మాటతో నేనేకీభవింపను. నియమగిరి డొంగ్రియా కోందులును, గుణుపురము కొండల సవరలును వేలయేండ్లుగా ఈ జంతువుతో ఒకే కొండను పంచుకొని బ్రతుకుచున్నారు. వారికి ఎలుగు పిత్తముతో పనియేమి? ఉచ్చు తీగ వెల కొలదియే. సైకిలు బ్రేకుతీగ యొకటి చాలును. పలుమారులు అది అడవిపందికై పన్నినదై యుండును. అందులో ఎలుగు చిక్కును. కొందఱు కరెంటు తీగకు కొక్కెము తగిలించి నేలపై తీగ పఱతురు. దానికి ఏనుగును, ఎలుగును, మనిషియు నను భేదము తెలియదు. కాని జంతువు చచ్చిన తరువాత దాని తోలును, గోళ్లను, కొవ్వును, పిత్తాశయమును కొనుటకు ఒకడున్నాడని తెలిసిననే గదా వానిని కోసి యెండబెట్టుట! ఆ కొనువాడు కొండమీద నుండడు. సంతలో నుండును. పట్టణములో నుండును. అక్కడినుండి కొంత సరకు దేశము దాటి తూర్పుదేశముల మందుల యంగళ్లకు పోవును.

పిత్తమున ఔషధగుణము లేదని నేననను. చీనా వైద్యులు దానిని శతాబ్దములుగా వాడిరి. అందు అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లము అను పదార్థమున్నది. లాటిను భాషలో ఉర్సస్ అనగా ఎలుగు. ఆ పేరే దానికి వచ్చినది. కాలేయవ్యాధులకును, కొన్ని పిత్తాశయపు రాళ్లకును నేటి వైద్యులు దానిని వ్రాయుచున్నారు. అయితే అది యిప్పుడు పశువుల పిత్తమునుండి కర్మాగారములలో తయారగుచున్నది. మన బజారులోని మందులదుకాణములో డాక్టరు చీటి చూపిన మాత్రలుగా దొరకును. ఇంత సులభముగా దొరకు వస్తువునకై గుహలోనున్న తల్లిని చంపవలసిన అవసరమేమి?

చట్టము మాట కూడ చెప్పవలెను, ఏలయన మనలో కొందఱకిది తెలియదు. ఎలుగుబంటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, అనగా పులితో సమానమైన స్థానమున నున్నది. చంపినవానికే కాదు, దాని గోరును గాని, తోలును గాని కొన్నవానికిని, అమ్మినవానికిని శిక్ష యుండును. 2022 లో చట్టమును సవరించిన పిమ్మట మూడేండ్లకు తక్కువగాని, ఏడేండ్లవరకు పొడిగింపదగిన కారాగారమును, ఇరువదియైదువేల రూపాయలకు తక్కువగాని జరిమానాయు విధింపవచ్చును. బంగారముతో పొదిగించిన యెలుగుగోరును మెడలో వ్రేలాడదీసికొని పెండ్లిండ్లకు వచ్చు పెద్దమనుష్యులు ఈ మాటను కొంచెము మనసున నుంచుకొనవలెను. పేర్లు చెప్పను, నవ్వుచున్నవారే చెప్పగలరు.

మీరొక ప్రశ్న యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఎలుగు మనుష్యులను చంపుచుండగా దానిపై జాలి యెందుకని. మన బంధువులనేకులు సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల వారు. ఉద్దానములోని జీడితోటలలో ఎలుగుల బెడద ఎట్టిదో వారికి తెలిసినంత నాకు తెలియదు. 2018 జూన్ నెలలో సోంపేట మండలమున ఒక యెలుగు దంపతులను చంపగా, గ్రామస్థులు దానిని కొట్టి చంపిరి. ఆ యేడాదియే అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానపు జీడి, కొబ్బరితోటలను నేలమట్టము చేసెను. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో మరియొక యెలుగు ఒకరిని చంపి, పలువురను గాయపరచినది. అటవీశాఖవారు దానిని మత్తిచ్చి పట్టి విశాఖపట్టణపు జంతుప్రదర్శనశాలకు తీసికొనిపోవుచుండగా అదియు చనిపోయెను. మన యొడిస్సాలోనో, 1992 వరకు మన కొరాపుట్ జిల్లాలోనిదే యైన నవరంగపురమున, పాపడాహండి దగ్గర, 2018 మే నెలలో ఒక యువకుడు గాయపడిన యెలుగుతో సెల్‌ఫోనులో స్వీయచిత్రము తీసికొనబోయి ప్రాణము పోగొట్టుకొనెను. ఆ కుటుంబముల దుఃఖమునకెదుట నేను జంతుకారుణ్యమును గూర్చి ఉపన్యసింపజాలను.

అయినను కారణము తెలిసికొనవలెను. ఎలుగు మనిషిని తినదు. దాని చూపు మందము, వినికిడియు అంతంతమాత్రమే, వాసనయొక్కటే తీక్ష్ణము. పుట్టలో తల దూర్చి చెదలు పీల్చుచున్నప్పుడు మనిషి పది గజముల దాపునకు వచ్చువరకు అది యెఱుగదు. ఎఱిగినవెంటనే భయపడును. జింక యైనచో పరుగెత్తును. పులులతో కలిసి పుట్టి పెరిగిన ఈ జాతి పరుగెత్తుట నేర్వలేదు, మీదపడుట నేర్చినది. మొగముపై కొట్టును. ఇప్పపూవు రాలు దినములలో తెల్లవాఱకమునుపే మనిషియు, ఎలుగును ఒకే చెట్టుక్రిందికి వత్తురు. అక్కడనే చిక్కు. కనుక పూవేరుటకును, జీడితోటకు కావలికిని పోవువారు ఒంటరిగా పోరాదు. దీపము పట్టుకొని, బిగ్గరగా మాటలాడుకొనుచు, కఱ్ఱతో నేలపై చప్పుడు చేయుచు పోవలెను. వెలుతురు వచ్చిన పిదప పోవుట మఱియు మంచిది. మీదపడినచో మొగమును నేలకానించి, రెండుచేతులతో మెడను కప్పుకొని పడియుండవలెనని అనుభవజ్ఞుల సలహా. చిన్నప్పుడు పాఠ్యపుస్తకములో ఇద్దఱు స్నేహితుల కథ చదివితిమి గదా, చచ్చినట్లు పడుకొన్నవాని చెవిలో ఎలుగు ఏదో చెప్పి పోయెనని! అది చెవిలో రహస్యము చెప్పదు గాని, ఆ కథకుడు మాత్రము బొత్తిగా తెలియనివాడు కాడు.

మఱియు నొకటి. అడవి చిక్కగా నున్నప్పుడు ఎలుగుకు ఊరితో పని లేదు. మా తాతగారు రైలు పట్టాల దిమ్మలకై నఱికించిన చెట్లెన్నియో నాకు తెలియదు. ఆయన లెక్కపుస్తకములు చెదలు తినివేసినవి. ఎలుగు తినదగిన చెదలే యని మా నాన్నగారు హాస్యమాడెడివారు. ఆ తరువాత జలాశయములు వచ్చెను, గనులు వచ్చెను, కొండవాలులు బోడివయ్యెను. వానివలన మనమందఱము లాభము పొందితిమి. వెలుగుచున్న ఈ విద్యుద్దీపమును అందులోనిదే. ఎలుగుకు మాత్రము రాళ్లగుట్టయు, దిగువ జీడితోటయు మిగిలినవి.

ఇప్పుడు నా సంగతి. కొన్నియేండ్ల క్రిందట మా యమ్మగారు మోకాళ్ల నొప్పులతో మంచము దిగలేని స్థితిలో నుండగా, ఒకడు మా గుమ్మములోనికి వచ్చి, నిక్కమైన యెలుగుకొవ్వని చెప్పి ఒక సీసా చూపెను. నేను చదువుకొన్నవాడను. చట్టము తెలిసినవాడను. అయినను అమ్మ మూల్గు వినుచుండగా ఆలోచన నిలువలేదు. వాడడిగినంత యిచ్చి కొంటిని. నెలదినములు రాచితిమి. నొప్పి తగ్గలేదు. సీసాలోనిది యెలుగుకొవ్వో, మేకకొవ్వో నేటికిని నాకు తెలియదు. మేకదైనచో నేను మోసపోతిని; ఎలుగుదైనచో నియమగిరి వైపునో, మఱి యే కొండనో ఒక తల్లిని నేనే చంపించితిని. రెండింటిలో ఏది నిజమైన మేలని అమ్మ పోయిన తరువాత చాల రాత్రులు తలపోసితిని. మోసపోయి యుండిన బాగుండునని నా కోరిక. ఈ మాట ఇంతమంది యెదుట చెప్పుటకు నాకు సిగ్గుగానే యున్నది. కాని ఇది చెప్పక తక్కినదంతయు చెప్పినచో అది యుపన్యాసమే యగును గాని సత్యము కాదు.

అట్టి సీసాతోనో, గోరుతోనో మీ గుమ్మమునకు ఎవడైన వచ్చినచో, వానిని తిట్టి పంపుటకంటె అటవీశాఖ కార్యాలయమునకు ఒక కబురు పంపుట మేలు. వాడు పొరుగు గుమ్మమునకు పోకుండును.

తాయెత్తు సంగతి చెప్పెదనంటిని. మొన్న మా మనుమరాలికి రాత్రులందు దడుపు కలుగుచుండగా, కోడలు పెట్టె వెదకి నా వెండి తాయెత్తును తీసికొనివచ్చి, “మామగారూ, ఇది పాపకు కట్టుదునా?” యని యడిగినది. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. డెబ్బదియేండ్లు దాటిన వస్తువు. మా నాయనమ్మ తన చేతులతో కట్టినది. కడకు దానిని కంసాలి యింటికి తీసికొనిపోయి విప్పించితిని. లోపల లక్కకంటుకొనిన నల్లని వెండ్రుకలు నాలుగు, కొంత దుమ్ము తప్ప మఱేమియు లేదు. వెండ్రుకలను మా పెరటిలో వేపచెట్టు మొదట పాతితిని. వెండిని కరిగించి, మరికొంత కలిపి, పాపకు మువ్వలు చేయించితిమి. రాత్రి భయపడి లేచినప్పుడు ఆ మువ్వల చప్పుడు విని వాళ్లమ్మ మేల్కొనుచున్నది.